మడమ నుంచి కొలత

ధర్మపురి బస్టాండు వెనక వీధిలో, వాసుదేవన్ సైకిల్ అంగడి ముందు ఆ బండి నిలబడి మూడు రోజులయింది. దారిన పోయేవాళ్లు మొదట దాని హేండిల్ చూసేవారు. అది పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉండేది. తర్వాత టైర్లు చూసేవారు. రేసు సైకిల్‌కి ఉండే సన్న టైర్లు కావు, అలాగని మోపెడ్ టైర్లంత లావూ కావు. గ్రావెల్ బైకు అంటారు దీన్ని, తారు మీద ఎంత బాగా పోతుందో కంకర మీదా అంత బాగా పోతుంది అని వాసుదేవన్ అడిగిన ప్రతివాడికీ చెప్పేవాడు. అడగనివాళ్లకీ చెప్పేవాడు.

గురువారం మధ్యాహ్నం స్కూల్లో లీవు చెప్పి మాదేశ్వరి ఆ బండి చూడడానికి వచ్చింది. వెంట నాయన రాజమాణిక్కం. ఆయన మేస్త్రి. పని మధ్యలో లేచి వచ్చాడేమో, మోచేతుల దగ్గర సిమెంటు ఎండి తెల్లగా ఉంది.

సేలంలోని ఒక సైకిల్ క్లబ్బువాళ్లు ఏటా పల్లెల నుంచి ఐదుగురు ఆడపిల్లలను ఎంచుకుని ఇలాంటి బండి ఇస్తారు. ఈ ఏడు ఆ ఐదుగురిలో మాదేశ్వరి ఉంది. స్కూల్లో ఇచ్చిన, ముందు బుట్ట ఉన్న సైకిల్ మీదే పెన్నాగరం నుంచి హొగేనక్కల్ దాకా పందెం తొక్కి రెండోదిగా వచ్చింది. ఇంకో రెండు నెలల్లో హోసూరు పక్కన డెబ్బై కిలోమీటర్ల రాళ్ల దారిలో ఎంపిక పందెం ఉంది. అందులో నిలిస్తే క్లబ్బు జట్టులో చోటు, సేలంలో హాస్టల్, కాలేజీ. నిలవకపోతే ప్లస్ టూ తర్వాత ఏమిటన్నది ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోయినా మాదేశ్వరికి తెలుసు. చుట్టుపక్కల ఉండే పిల్లలందరూ ఏం చేస్తున్నారో అదే, తలమీద ఇసుక బాండ్లీ.

అంగడి ముందున్నది చూపించడానికి తెచ్చిన బండి, మీడియం సైజు. మాదేశ్వరిది సేలం నుంచి డబ్బాలో రావాలి. ఏ సైజు కావాలో శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల వాసుదేవన్ చెప్పాలి. డబ్బా విప్పిన తర్వాత వాపసు లేదు.

"పాప ఎత్తు ఎంత యా?" అని అడిగాడు వాసుదేవన్, పెన్ను తీసి.

"అయిదడుగుల అయిదంగుళాలు," అన్నాడు రాజమాణిక్కం. కూతురి వైపు చూడను కూడా లేదు.

"కొలిచినావా?"

"ఇరవై ఏండ్లుగా గోడలు లేపతా ఉండాను సార్. నా కన్నుకి టేపు అక్కర్లేదు."

వాసుదేవన్ నవ్వి కాగితం మీద రాసుకున్నాడు. గోడకి అంటించిన సైజుల పట్టీలో వేలు పెట్టి చూశాడు. నూట అరవై అయిదు సెంటీమీటర్ల దగ్గర స్మాల్ అయిపోయి మీడియం మొదలవుతోంది. "సరిగ్గా గట్టు మీద నిలబడింది. పెరిగే పిల్ల. మీడియమే పెట్టేస్తాం."

"అది పావాడా కాదప్పా, మడత పెట్టి కుట్టి ఏటేటా దించుకోను," అంది లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న దర్శిని. వాసుదేవన్ కూతురు. అంగడిలో కొత్త రకం బండ్ల పని అంతా ఆమే చూస్తుంది.

"నీ తాత కాలం నించీ అమ్ముతా ఉండాం మా. ఇరవైరెండా ఇరవైనాలుగా అని అడిగేది, కాలు అందకుంటే సీటు దించేది. అంతే కదా."

"అది చక్రం సైజు. ఇది ఫ్రేము సైజు. సీటు దించితే కాలు అందుతాది, చెయ్యి అందుతాదా?" అని దర్శిని లేచి బయటికి వచ్చింది. "ఎక్కి చూడు పాపా. వీధి చివరిదాకా పోయి రా."

మాదేశ్వరి బండి మీదికి కాలు వేసింది. రెండు కాళ్లూ నేల మీద పెట్టి నిలబడితే అడ్డగొట్టం పైకి తగులుతోంది. బండిని ఒక పక్కకి వంచితే తప్ప సరిగ్గా నిలబడలేకపోయింది. కదిలాక హేండిల్ దూరంగా ఉన్నట్టనిపించింది. బావిలోకి వంగి చెంబు అందుకున్నట్టు చేతులు చాచాల్సి వచ్చింది. బ్రేకు వేళ్ల కొసలకి మాత్రమే అందింది. వీధి చివర తిరిగేటప్పుడు మెడ వెనక చిన్నగా లాగింది.

తిరిగి వచ్చేసరికి టీ అంగడిలో వాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. వాసుదేవన్ చూస్తున్నాడు. అందరికన్నా ఎక్కువగా నాయన చూస్తున్నాడు. పని తప్ప ఇంకేదీ పట్టించుకోని మనిషి, రెండేళ్లుగా నవ్వని మనిషి, ఆమెనే చూస్తూ ఏదో మరిచిపోయినవాడిలా నిలబడ్డాడు.

"ఎట్ల ఉండాది?" అన్నాడు వాసుదేవన్.

"బాగుండాది సార్," అంది మాదేశ్వరి.

దర్శిని మాత్రం ఆమె భుజాల వైపే చూసింది. "పోయిన ఏడు మహేంద్రమంగళం పాప కూడా బాగుండాదనే చెప్పింది. నెల తిరక్కుండానే చేతులు తిమ్మిరెక్కినాయి, మోకాలు వాచింది. బండి ఇప్పుడు వాళ్ల ఇంటో గోడకి ఆనుకుని ఉండాది. లోపలికి రా, నేనే కొలుస్తాను. రెండు నిమిషాలు."

"ఈడ వద్దు మా," అన్నాడు రాజమాణిక్కం వెంటనే. గొంతులో కొంచెం కరుకు వచ్చింది. తర్వాత సర్దుకుని, "బస్సు ఉండాది," అన్నాడు.

దర్శిని ఒక చీటీ మీద ఏదో రాసి, బొమ్మ గీసి మాదేశ్వరి చేతిలో పెట్టింది. "ఎత్తు ఒకటే చాలదు. ఇద్దరు ఒకే ఎత్తు ఉంటారు, ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుం పొడుగు. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడాల. కాళ్ల మధ్య ఒక పుస్తకం పెట్టి, సీటు మీద కూర్చున్నట్టు పైకి గట్టిగా ఆనించాల. నేల నించి ఆ పుస్తకం పై అంచు దాకా ఎంతో అది నాకు కావాల. ఇంకొకరు పట్టుకోవాల, నీ అంతకి నువ్వు కొలుచుకుంటే తప్పు వస్తాది. ఇంటో ఆడమనుషులు ఉండారా?"

"అవ్వ ఉంది."

"అవ్వని పట్టుకోమను. శనివారం పన్నెండు లోపల ఫోను చెయ్యి."

బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. మాదేశ్వరి చీటీని తెరిచి చూసింది, మడిచింది, మళ్లీ తెరిచింది. మెడలో లాగిన నొప్పి ఇండూరు దాటినా పోలేదు. ఎందుకు బాగుండాదని చెప్పానా అనుకుంది. అడిగిన వెంటనే ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఎవరేం అడిగినా ఆమె నోటికి ముందు వచ్చేది అదే. అన్నం చాలా అంటే చాలు, చెప్పులు సరిపోయాయా అంటే సరిపోయాయి.

*

ఆ ఇంట్లో మనుషులను గోడకి నిలబెట్టి కొలవరు.

అది అవ్వ మునియమ్మాళ్ పెట్టిన కట్టు కాదు, ఆమె పుట్టకముందు నుంచే ఆ ఇంటి పద్ధతి. స్కూల్లో ఎత్తూ బరువూ చూసే రోజున అవ్వ మాదేశ్వరిని ఇంట్లోనే కూర్చోబెట్టేది. రిజిస్టరులో టీచరే చూపుమేరకు ఏదో రాసేది. టైలరు దగ్గరికి పంపేది కానీ, "వాడు ముక్కముక్కగా కొలుస్తాడు. భుజం వేరే, చెయ్యి వేరే. నిలువునా కొలవడు," అనేది. ఎందుకు కొలవకూడదని మాదేశ్వరి చిన్నప్పుడు ఒకసారి అడిగింది. అవ్వ ఆమె నోటి మీద వేలితో తట్టింది. మళ్లీ అడగలేదు.

శుక్రవారం పొద్దున నాయన పనికి పోయే ముందు స్నానానికి వెళ్లాడు. పని సంచి వసారాలో, చూరు కింద మేకుకి వేలాడుతోంది. ఆయన ఆ సంచిని ఎప్పుడూ ఇంటి లోపలికి తేడు. మాదేశ్వరి అందులోంచి టేపు తీసింది. వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసి, చరిత్ర పుస్తకం పట్టుకుని గోడకి ఆనుకుంది.

మొదటిసారి డెబ్బై నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. అంకె చూడడానికి వంగితే పుస్తకం జారింది. రెండోసారి డెబ్బై తొమ్మిది. మూడోసారి టేపు కొన బొటనవేలితో తొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి చూసింది. డెబ్బై ఏడు. మూడు అంకెలూ చీటీ వెనక రాసుకుని వాటి వైపు చూస్తూ ఉండిపోయింది. ఇందులో ఏది తనది?

తలుపు తెరుచుకుంది.

"ఏమే, ఏం చేస్తా ఉండావు?" అవ్వ ముందు టేపుని చూసింది, తర్వాత గోడకి ఆనుకున్న మనవరాలిని చూసింది. ముసలి చెయ్యి వచ్చి ఆమె భుజం పట్టుకుని గోడ నుంచి పక్కకి లాగింది. "ఇట్లియ్యే. టేపు ఇట్లియ్యే."

"కాలే అవ్వా. నిలువునా కాదు, కాలు మాత్రమే."

"మడమ నించి ఎత్తుకున్న కొలత తల దగ్గర గానీ ఆగదు. తెలుసునా నీకు?"

"తెలీదు. నువ్వు చెప్పలేదు కదా."

అంత మాట మాదేశ్వరి అవ్వతో ఎప్పుడూ అనలేదు. అవ్వ కూడా అది గమనించినట్టుంది. గడప మీద కూర్చుంది. చీర కొంగుతో టేపుని చుట్టి ఒడిలో పెట్టుకుంది.

"మన ఇండ్లలో ఎవురైనా పోతే, దగ్గర మగోడు తాడు ఎత్తుకుని మడమ నించి తలదాకా పట్టి చూస్తాడు," అంది చివరికి. "దానికి ఒక జాన చేర్చి గుంత తవ్వేవాడికి చెప్పాల. తర్వాత ఆ తాడుని గుంతలోనే వేసేస్తారు. ఇంటికి తిరిగి తేగూడదు. అది పోయినోళ్ల కొలత. బతికుండేవాళ్లకి ఎత్తగూడదు. అంతే పాప. ఇంకేమీ లేదు."

"అమ్మకి కూడానా?"

"విజికి కూడా. ఆ పొద్దు తాడు కనపడలేదు. ఇల్లంతా జనం. గుంత తవ్వే కాళియన్ ఆడ నించి మనుషులని పంపతానే ఉండాడు, కొలత చెప్పండి, పొద్దు పోతాది అని. మీ నాయన నడుములో టేపు ఉండింది. పనిలో ఉండగా చెప్తే అట్లనే పరిగెత్తి వచ్చినాడు కదా. దాన్నే ఎత్తినాడు. ఎత్తి చూసి, చెప్పి, టేపుని ఆమె పక్కనే పెట్టేసినాడు. మూడో నాడు కొత్తది కొన్నాడు. అది ఇంటోకి రాదు, చూసినావు కదా."

మాదేశ్వరి కూడా ఆ గడప మీదే, అవ్వ పక్కన కూర్చుంది. ఆ రోజు ఆమెకి ముక్కలుగా గుర్తుంది. మూడు రోజుల జ్వరం, ఆసుపత్రి వరండా, ఎవరో తన చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకుపోవడం. టేపు సంగతి ఆమెకి తెలియదు.

"పోనీలే అవ్వా. కొలవను. నాయన అంగడిలో ఎత్తు చెప్పేసినాడు. అయిదడుగుల అయిదంగుళాలు అని."

అవ్వ చెయ్యి కొంగు మీద ఆగిపోయింది.

"ఎంత అని?"

"అయిదడుగుల అయిదు."

"అది విజి కొలత," అంది అవ్వ. చాలా మెల్లగా అంది. తర్వాత తనే తడబడి, "ఉంటే ఉండనీ. నువ్వు కూడా అంతే ఉండావు. అందరూ అంటారు కదా, అచ్చు విజి మాదిరే అని. నడక కూడా అదే," అంది.

మాదేశ్వరి ఆమె ఒడిలోంచి టేపు తీసుకుని, నాయన వచ్చేలోపల వసారాలో సంచిలో పెట్టేసింది. వంటగదిలో గోడకి కొట్టిన పలక మీద చింతపండు కుండ ఉంటుంది. అమ్మ పొయ్యి దగ్గర నిలబడే చెయ్యి చాపి దాన్ని దించేది. మాదేశ్వరి రెండేళ్లుగా బకెట్టు బోర్లించి, ఎక్కి దించుతోంది. పలక ఎత్తుగా ఉందనే అనుకుంది ఇన్నాళ్లూ.

ఆ సాయంత్రం నాయనకి అన్నం పెట్టేటప్పుడు చెప్పాలనుకుంది. ఆయన చెయ్యి కడుక్కుని కూర్చుని, "బండి వస్తే వసారాలో పెట్టుకుందాం. వానకి తడవకుండా ఒక రేకు వేస్తాను," అన్నాడు. ఆయన తనంతట తాను ఒక మాట ఎత్తి ఎన్ని రోజులయిందో. మాదేశ్వరి రసం పోసి లోపలికి వెళ్లిపోయింది. పెద్ద బండైతే ఏమవుతుంది, తొక్కితే అలవాటు కాదా అని తనకి తానే చెప్పుకుంది. మహేంద్రమంగళం పిల్ల బండి గుర్తొచ్చింది. గోడకి ఆనుకుని ఉన్నదట.

*

శనివారం తొమ్మిదింటికి ఆమె తన పాత సైకిల్ మీద పని జరిగేచోటికి వెళ్లింది. హొగేనక్కల్ దారిలో ఎవరో కట్టిస్తున్న ఇల్లు. గోడలు లేచాయి, పైకప్పు పడింది, లోపల పూత మొదలయింది. యోగలక్ష్మి గుమ్మం దగ్గర సిమెంటు, ఇసుక కలుపుతోంది. పదిహేనేళ్లుగా రాజమాణిక్కం దగ్గరే పని. మాదేశ్వరి అమ్మ, ఆమె ఒకే ఇసుక కుప్ప దగ్గర బాండ్లీలు ఎత్తినవాళ్లు.

"ఏం పాపా, మీ నాయన క్యారియరు మరిచిపోయినాడా?"

"లేదక్కా. నాయనతో మాట్లాడాల."

"మాట్లాడాలనా? నువ్వా?" అని నవ్వింది యోగలక్ష్మి. పిల్ల ముఖం చూసి నవ్వు ఆపింది. "లోపల ఉండాడు, పో."

రాజమాణిక్కం మూల గదిలో గోడకి నీళ్లు చల్లుతున్నాడు. దారి పొడుగునా మాదేశ్వరి మాటలు వరసగా పేర్చుకుని వచ్చింది. ఆయన ముందు నిలబడేసరికి అవన్నీ పోయి ఒకటే మిగిలింది.

"నాయనా, ఆ బండి నాకు పెద్దది."

ఆయన తిరిగాడు. "బాగుండాదంటివే?"

"అబద్ధం చెప్పినాను."

"ఏమిటికి?"

"అందరూ చూస్తా ఉండిరి." ఆగి, "నువ్వు కూడా," అంది.

ఆయన నీళ్ల మగ్గు కింద పెట్టాడు. ఇప్పుడు ఆగిపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేనని మాదేశ్వరికి తెలుసు.

"అయిదడుగుల అయిదు నాది కాదు నాయనా."

బయట యోగలక్ష్మి పార చప్పుడు ఆగిపోయింది. రాజమాణిక్కం కిటికీ కోసం వదిలిన ఖాళీలోంచి దారి వైపు చూశాడు. పెన్నాగరం బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"అవ్వ చెప్పిందా?"

"ఊ."

"అంగడాయన నీ ఎత్తు ఎంత అని అడిగినాడు. నోట్లోకి అదే వచ్చింది. కావాలని చెప్పింది కాదు." అరచేతిని గోడ మీద పెట్టి, ఇంకా ఎక్కడైనా పొడిగా ఉందా అని చూస్తున్నట్టు అటూ ఇటూ జరిపాడు. "నాకు నువ్వు అంతే కనపడతావు పాప. ఆ బండి మీద పోయి తిరిగి వస్తా ఉంటే, ఆమే వస్తా ఉన్నట్టు ఉండింది. కన్ను తప్పు చెప్పదనుకుంటిని."

తను అమ్మ కాదని చెప్పడానికే మాదేశ్వరి వచ్చింది. ఆ మాట చెప్తే ఆయన దగ్గర మిగిలిన కాస్తా తీసుకుపోయినట్టే అవుతుంది. చెప్పకపోతే ఎవరిదో కొలత మీద కూర్చుని రెండు నెలలు తొక్కాలి, ఆ తర్వాత ఇసుక బాండ్లీ.

"పన్నెండు లోపల చెప్పాల నాయనా," అంది. "పట్టుకోను ఇంకొకరు కావాల. నా అంతకి నాకు రాలేదు. మూడుసార్లు చూసినాను, మూడు విధాలుగా వచ్చింది."

యోగలక్ష్మి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మేస్త్రీ, కలిపిన మాలు గట్టిపడతా ఉంది."

"పడనీ," అన్నాడు రాజమాణిక్కం.

సంచి తెచ్చి కింద పెట్టాడు. టేపు తీశాడు. దానితో పాటు రసమట్టం తీశాడు. మూరెడు పొడుగు అల్యూమినియం బద్ద అది, మధ్యలో గాజు గొట్టం, గొట్టంలో పచ్చటి నీళ్లు, నీళ్లలో ఒక బుడగ. గోడ సమంగా ఉందో లేదో ఆ బుడగ చెప్తుంది. దాన్ని యోగలక్ష్మి చేతికిచ్చాడు.

"పుస్తకం పెట్టాలని రాసింది ఆ అంగడి అమ్మాయి. పుస్తకం వంగుతాది. ఇది వంగదు. నువ్వు పట్టు. ఒక కొన గోడకి ఆనాల, బుడగ నడిమధ్య నిలబడాల. నిలబడినాక చెప్పు." అని ఆయన వాళ్లకి వీపు పెట్టి, కిటికీ ఖాళీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

మాదేశ్వరి చెప్పులు విడిచి గోడకి ఆనుకుంది. తడి ఇటుకల చల్లదనం వీపుకి తగిలింది. యోగలక్ష్మి మోకాళ్ల మీద కూర్చుని బద్దని సర్దింది.

"ఎన్నో ఇండ్లకి పట్టినాను ఈ మట్టం. మనిషికి ఇదే మొదలు," అంది గొణుగుతూ. "కదలకే. గోడకన్నా ఎక్కువ కదల్తా ఉండావు." కొంచెం తర్వాత, "ఇంకా పైకి. నొప్పేస్తే చెప్పు. సరి. నిలబడింది మేస్త్రీ."

ఆయన వచ్చాడు. ముఖం పక్కకి తిప్పుకునే, బద్ద గోడకి ఆనినచోట పెన్సిలుతో గీత గీశాడు. "నువ్వు పక్కకి రా పాప."

మాదేశ్వరి పక్కకి జరిగి చూసింది. ఆయన టేపు కొక్కేన్ని నేల మీద పెట్టలేదు. గీత దగ్గర బొటనవేలితో నొక్కిపెట్టి, టేపుని పై నుంచి కిందికి వదిలాడు. అది నేలని తాకాక వంగి అంకె చదివాడు. గోడ నిలువు చూసే తూకం గుండుని ఎప్పుడూ పై నుంచే వదులుతారు. గోడ పని చేసేవాడి చెయ్యికి అదే అలవాటు. కానీ ఇది అలవాటు కాదని, మడమ నుంచి కొలత ఎత్తకూడదని ఆలోచించి చేశాడని ఆమెకి అర్థమయింది.

"డెబ్బై అయిదున్నర. మళ్లీ నిలబడు."

రెండోసారి అంతే వచ్చింది. మూడోసారీ అంతే.

"చాలు కదా నాయనా," అంది మాదేశ్వరి. "అంగడిలో అక్క, కాలి కొలతే ముఖ్యమని చెప్పింది."

రాజమాణిక్కం టేపుని చుట్టలేదు. చేతిలో వేలాడదీసుకుని కొంతసేపు నిలబడ్డాడు. ఎండ కిటికీ ఖాళీలోంచి నేల మీద పడుతోంది.

"తల ఆనించు," అన్నాడు.

యోగలక్ష్మి గబుక్కున లేచింది. వాళ్ల ఇంటి కట్టు ఆమెకీ తెలుసు. "మేస్త్రీ, అవ్వకి తెలిస్తే—"

"తల ఆనించమన్నాను."

మాదేశ్వరి భయపడింది. ఆ కట్టు మీద తనకి నమ్మకం లేదనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు వెనక గోడ, ముందు టేపు పట్టుకుని నాయన. మడమలు గోడకి తగిలించి, వీపు తగిలించి, తల వెనక భాగం తగిలించి నిలబడింది. కళ్లు మూసుకోబోయి మూసుకోలేదు. ఆ రోజు అమ్మ కళ్లు మూసుకుని ఉండి ఉంటుంది. తను నాయన ముఖాన్నే చూసింది.

ఆయన బద్దని ఆమె నెత్తి మీద పెట్టాడు. ఇంత దగ్గరగా ఆయన చాలా ఏళ్లుగా రాలేదు. పెదవులు బిగించి ఉన్నాయి. కనురెప్పల మీద సిమెంటు పొడి ఉంది. పెన్సిలు ఆమె జుట్టుని రాసుకుంటూ గోడ మీద గీసిన చప్పుడు చెవి పక్కనే వినబడింది. తర్వాత ఆయన ఆమెని భుజం పట్టి పక్కకి జరిపి, గీత దగ్గర నుంచి టేపుని నేలదాకా వదిలాడు.

వంగినవాడు లేవడానికి చాలాసేపు పట్టింది.

"అయిదడుగుల రెండున్నర," అన్నాడు. ఇంకా టేపునే చూస్తూ, "రెండున్నర అంగుళాలు," అన్నాడు మళ్లీ.

అయిదడుగుల అయిదుకి తక్కువయింది కూడా సరిగ్గా అంతే. యోగలక్ష్మి మొహం తుడుచుకుని సిమెంటు వైపు పోయింది.

రాజమాణిక్కం ఫోను తీసి అంగడి నంబరు నొక్కి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు."

"అక్కా, నేను మాదేశ్వరి. పెన్నాగరం నించి." గొంతు సన్నగా వచ్చింది. "కాలు డెబ్బై అయిదున్నర. ఎత్తు అయిదడుగుల రెండున్నర."

అవతల కాగితం చప్పుడయింది. "నూట యాభై తొమ్మిదా? ఈడ నూట అరవై అయిదని ఉండాది పాపా. ఎవురు కొలిచినారు?"

"నాయన."

"మొన్న కూడా నాయనే కదా చెప్పినాడు?"

"మొన్న కొలవలేదక్కా. ఇప్పుడు కొలిచినాడు."

దర్శిని ఏదో లెక్క వేస్తోంది. వెనక నుంచి వాసుదేవన్ గొంతు వినిపించింది. పెరిగే పిల్లమ్మా, రేపు చిన్నదైపోయిందంటే ఏం చేస్తావు, మీడియం పెట్టు అంటున్నాడు. "మా అప్పా చెప్పేది విన్నావు కదా," అంది దర్శిని. "కాలు చూస్తే నాకు స్మాల్ అనిపిస్తా ఉండాది. కానీ మొన్న నువ్వు ఎక్కినావు, నేను కాదు. బాగుండాదని నువ్వే చెప్పినావు. ఏది పంపమని చెప్పేది?"

సరే అక్కా, మీ ఇష్టం అన్న మాట మాదేశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా నాయన గోడకి చెయ్యి ఆనించి నిలబడి, నేలవైపు చూస్తున్నాడు.

"చిన్నదక్కా," అంది. "మొన్న తప్పు చెప్పినాను. నిలబడితే గొట్టం తగిలింది. చేతులు లాగినాయి. మెడ నిన్నటిదాకా నొప్పేసింది. పెద్దది నాది కాదు. చిన్నది పంపమని చెప్పక్కా."

"ఇంత మాట మొన్న చెప్పి ఉంటే ఇంత పాటు ఉండేదా?" అంది దర్శిని. తిట్టినట్టు లేదు. "సరి. స్మాల్ అని ఇప్పుడే పంపతా ఉండాను. వచ్చినాక ఒకసారి రా, హేండిల్ దగ్గర పొట్టి ముక్క కావాలంటే మార్చి ఇస్తాను."

మాదేశ్వరి ఫోను తిరిగి ఇచ్చింది. టైము పదీ ఇరవై.

గట్టిపడిన సిమెంటుని యోగలక్ష్మి పక్కకి లాగేసి కొత్తగా కలిపి తెచ్చింది. గోడ మీద రెండు గీతలు, ఒకటి పైన, ఒకటి కింద. వాటి మధ్య ఆ ఇంటి గోడ ఎర్రగా, తడిగా ఉంది. "దీన్ని ఏం చేసేది మేస్త్రీ?" అని అడిగింది.

"ఎవురింటి గోడో ఇది. పూసేయాల," అన్నాడు రాజమాణిక్కం. తాపీతో సిమెంటు తీసి కింది గీత మీద కొట్టి, పైకి లాగాడు. పై గీత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం నెమ్మదించింది. ఆగలేదు.

మాదేశ్వరి చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటబోతూ, "నాయనా, అవ్వ అడిగితే?" అంది.

"అవ్వకి నేను చెప్తాను."

"ఏమని చెప్తావు?"

ఆయన గోడ మీద నుంచి చూపు తిప్పి ఆమెని చూశాడు. తల నుంచి పాదాల దాకా, తొందర లేకుండా, మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు.

"నా కూతుర్ని కొలిచినాను అని," అన్నాడు.